తోడు వేసే వేళ

ఆ ప్రాంతంలో బీరు కాచే చోట్లు పద్నాలుగున్నాయి. అందులో మూడు పెద్ద బ్రూవరీలు. వాటికి గేటూ, గేటుకొక కాపలావాడూ, లోపలికి వెళ్ళడానికి చీటీ, తలకి పెట్టుకోవడానికి టోపీ ఉంటాయి. మిగతా పదకొండూ వెనక గదిలో కాచి ముందు గదిలో పోసే చిన్న బ్రూపబ్బులు. వీటిని చూడ్డానికి వచ్చే పర్యాటకుల చేతిలో ఒక సన్నటి పుస్తకం కనిపిస్తుంది. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ రోజు తలుపులు మూసి ఉంటాయి, ఎక్కడ ఏది తాగాలి, ఎక్కడ మంచినీళ్ళు తాగి మర్యాదగా బయటపడాలి, అన్నీ అందులో ఉంటాయి. ఇంకొకళ్ళు రాసిన పుస్తకాలు కూడా ఉన్నాయి గానీ వాటిలో అన్ని చోట్లా బీరు అమృతమే, అందరూ దేవుళ్ళే. చదివినవాడికి ఒరిగేదేమీ ఉండదు. ఈ సన్నటి పుస్తకం అలాంటిది కాదు. దీన్ని రాసింది ముక్కుసారు.

ఆయన అసలు పేరు ఆయన భార్యకి, బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పందొమ్మిదో ఏట పెద్ద బ్రూవరీలో సీసాలు కడిగే షెడ్డులో చేరాడు. ఖాళీ సీసాలు దుకాణాల నుంచి తిరిగొస్తాయి. మధ్యలో జనం వాటిలో పొయ్యనిదంటూ ఉండదు. కిరోసిన్, ఫినాయిల్, రంగు కలిపే నూనె, ఒక్కోసారి చెప్పుకోకూడనివి కూడా. కిరోసిన్ పట్టిన సీసా ఎంత కడిగినా వదలదు. అందుకని కడిగే యంత్రానికి ముందు ఒక మనిషిని కూర్చోబెడతారు. బెల్టు మీద వచ్చే ప్రతి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి, చెడ్డదాన్ని లాగి పక్కన పడెయ్యడం అతని పని. నిమిషానికి నలభై సీసాలు. ఆ కుర్చీలో ఎవరైనా ఆరు నెలలు కూర్చుంటే గొప్ప. ఇతను పదకొండేళ్ళు కూర్చున్నాడు. ఒకసారి ఒక సీసా ఎత్తి, ఇందులో జుట్టు మొలిచే నూనె పోశారు, ఇది మన మేనేజరుగారి గదిలోంచి వచ్చిందే అన్నాడు. మేనేజరుది బట్టతల. షెడ్డంతా వారం రోజులు నవ్వింది. ఆ వారం రోజులూ ముక్కుసారు చేత ఎండలో పెట్టెలు మోయించారు.

అలా అలా ఆ ముక్కు కబురు చుట్టుపక్కల పాకింది. బీరు కాచేవాళ్ళకి ఒక చిత్రమైన కష్టం ఉంది. రోజూ అదే గదిలో, అదే ఆవిరిలో బతకడంతో తమ బీరులో తేడా వస్తే తమకే తెలియదు. ఎవరి ఇంటి వాసన వాళ్ళ ముక్కుకి అందదు. అందుకని ట్యాంకు విప్పగానే మొదటి గ్లాసు బయటి మనిషికి ఇచ్చి, అతను ఏమంటాడోనని మొహంలోకి చూస్తారు. పద్నాలుగు చోట్లా ఆ బయటి మనిషి ముక్కుసారే అయ్యాడు. వాసన చూసి చెప్పినవే తర్వాత పుస్తకమయ్యాయి. రెండేళ్ళకొకసారి అన్ని చోట్లూ మళ్ళీ తిరిగి, పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేయిస్తాడు.

పనిచేసే పద్ధతి ఒకటుంది. గ్లాసు చేతిలో ఉండగా ఆయన కలం పట్టుకోడు. ఆయన నోటితో చెబుతాడు, భార్య రాస్తుంది. గ్లాసుని వెలుతురుకెత్తి రంగు చూసి రాసుకోవడం ఆవిడ వంతు. ఇరవై రెండేళ్ళుగా ఇదే తీరు. ఆవిడ చుక్క ముట్టదు. ఇంత తిరిగీ నాలిక మీద చుక్కైనా వేసుకోని మనిషి మా ఆవిడొక్కతే అని ఆయన అందరి దగ్గరా హాస్యమాడేవాడు. ఆవిడ కూడా నవ్వేది. రంగు చూడ్డానికి గ్లాసు ఎత్తిన ప్రతిసారీ అది ఆవిడ ముక్కు ముందు నుంచే పైకి వెళ్తుందన్న సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

రెండు నెలల కిందట ముక్కుసారుకి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు కాసి పోయింది. పదో రోజు కాఫీ తాగితే వేడినీళ్ళలా ఉంది. పాలు విరిగాయేమో అనుకున్నాడు. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇల్లంతా వెతికి కిరోసిన్ సీసా పట్టుకుని మూత తీశాడు. పదకొండేళ్ళ పాటు తనకి తిండి పెట్టిన వాసన అది. ముక్కుకి ఆనించి గుండెలనిండా పీల్చాడు. కళ్ళు మండాయి, అంతే. వంటగది గడప మీద కూర్చుని ఆ సీసాని చాలాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు.

డాక్టరు రావచ్చన్నాడు, రాకపోవచ్చన్నాడు. ఆరు నెలలు చూద్దామన్నాడు. ముక్కుసారు ఇంటికొచ్చి భార్యతో నీరసమట అని చెప్పాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కన్ను పోయినవాణ్ణి చూస్తే జనం అయ్యో అంటారు. ముక్కు పోయిన ముక్కుసారుని చూస్తే నవ్వుతారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆయన ముందే విన్నట్టు వణికిపోయేవాడు. పుస్తకం లేకపోతే తనెవరు? పాత సీసాల షెడ్డులో ఒక కుర్చీ, అది కూడా ఇప్పుడు యంత్రానికిచ్చేశారు. రోజూ పొద్దున్నే తలుపేసుకుని లవంగాలు, వెనిగర్, సబ్బు, కిరోసిన్ వరసగా పెట్టుకుని పీల్చేవాడు. తలుపు తీసి బయటికొచ్చేటప్పుడు మొహం కడుక్కుని వచ్చేవాడు.

అచ్చుకి గడువు దగ్గర పడింది. బయల్దేరక తప్పలేదు.

మొదటి చోట ఎలా గట్టెక్కాడో ఆయనకే తెలియదు. తర్వాత ఒక ఉపాయం దొరికింది. నాలిక ఇంకా పనిచేస్తూనే ఉంది. చేదు, తీపి, పులుపు అంతవరకూ చెబుతుంది. నురగ ఎంతసేపు నిలిచిందో కంటికి కనిపిస్తుంది. మిగతాది కాచినవాడి మొహం మీద చదువుకోవచ్చు. బాగా కుదిరిందని వాడికి నమ్మకముంటే గ్లాసు ముందుకి చాపి ఇస్తాడు. లేకపోతే ఒంటి దగ్గర పెట్టుకుని ఇస్తాడు. దానికి పాత పుస్తకంలోని నాలుగు మాటలు కలిపితే చాలు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, మూసుకున్నట్టు కనపడకుండా వాగుతూ, తొమ్మిది చోట్లు దాటించేశాడు. భార్య తలొంచుకుని రాసుకుంటూనే ఉంది. ఒక్కో చోటు దాటినప్పుడల్లా గండం గడిచిందనుకునేవాడు. ఆ మర్నాడు మళ్ళీ ఇంకో గండం ఉండేది.

పదో చోటు షెడ్డక్కది.

ఆమె యాభైకి దగ్గరపడిన మనిషి. ఒకప్పుడు సీసాల షెడ్డులోనే లేబుళ్ళు అంటించేది. ముక్కుసారు కుర్చీకి ఆరడుగుల దూరంలో ఆమె బల్ల. బీరు కాచడం నేర్చుకుంటానని ఆమె అన్నప్పుడు నవ్వనివాడు ఆయనొక్కడే. మూతపడిన ఇనుప పనిషెడ్డు ఒకటి అద్దెకి తీసుకుని, లోపల తుప్పు గీకి, సొంత చేతుల్తో సున్నం కొట్టి, ఐదు ట్యాంకులు నిలబెట్టింది. ముందు భాగంలో ఎనిమిది బెంచీలు. రెండేళ్ళ కిందటి పుస్తకంలో ముక్కుసారు ఆమె గురించి మూడు వాక్యాలు రాశాడు. ఆ మూడు వాక్యాలకే ఆ ఏడు సీజన్లో ఎనిమిది బెంచీలు చాలక జనం గుమ్మంలో నిలబడి తాగారు. నిరుడు సీజను మాత్రం వానలకి కొట్టుకుపోయింది. ఈ ఏడాది కూడా అలాగే అయితే షెడ్డు ఖాళీ చెయ్యమని యజమాని చెప్పేశాడు. అతనికి అందులో సిమెంటు బస్తాలు పెట్టుకోవాలని ఉంది.

వాళ్ళు వెళ్ళేసరికి పదకొండు దాటింది. షెడ్డక్క మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని గొట్టంతో నేల కడుగుతోంది. కుశలాలు కూడా సగంలో ఆపి, నేరుగా మొదటి ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళింది. గోడ మీద పలకలో సుద్దతో ఐదు ట్యాంకుల లెక్కలున్నాయి. మొదటిది తయారైపోయింది. మిగతా నాలుగిట్లో నిన్నటినుంచీ వాయి మీద వాయి కాచి పోసిన తియ్యటి బార్లీ నీళ్ళు చల్లారుతున్నాయి. వాటిలో ఈస్ట్ పడాలి. పడితేనే ఆ నీళ్ళు పులిసి బీరవుతాయి. కొత్త ఈస్ట్ ఎవరూ ప్రతిసారీ తెచ్చుకోరు. తయారైన ట్యాంకు అడుగున చేరిన ముద్ద తీసి తర్వాతి వాయిల్లో వేసుకుంటారు, పాలకి మజ్జిగ చుక్క వేసి తోడు పెట్టినట్టు. షెడ్డక్క దాన్ని తోడు అనే అనేది.

ఆయన భార్య ఇంకా గుమ్మం దగ్గర సంచీలోంచి నోటుబుక్కు తీస్తుండగానే, గ్లాసు నింపి ఇస్తూ ఆమె అంది:

"అన్నయ్యా, రెండ్రోజుల్నించి నాకు అనుమానంగా ఉంది. ఏదో ఉందనిపిస్తుంది, మళ్ళీ చూస్తే లేదనిపిస్తుంది. నా ముక్కుని నేను నమ్మలేను. నాలుగింటికి దీని అడుగు తీసి ఆ నాలుగిట్లో తోడు వెయ్యాలి. నువ్వు సరే అంటే వేస్తా. వద్దంటే దీన్ని పారబోసి, పెద్ద బ్రూవరీవాళ్ళ కాళ్ళు పట్టుకునైనా వేరే తోడు తెచ్చుకుంటా. ఇవాళ పడితేనే సీజనుకి అందుతుంది."

ముక్కుసారు గ్లాసులో ముక్కు పెట్టాడు. చల్లటి గాలి తగిలింది. మళ్ళీ పీల్చాడు. చల్లటి గాలే. నాలిక మీద వేసుకున్నాడు. చేదు సరిగ్గానే ఉంది, పులుపు లేదు. తలెత్తి ఆమె మొహం చూశాడు. తొమ్మిది చోట్ల మొహాలు ఏదో ఒకటి చెప్పాయి. ఈ మొహం ఏమీ చెప్పడంలేదు. అడుగుతోంది.

తెలియదమ్మా అనొచ్చు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. ఆ తర్వాత ఏమవుతుందో కూడా కళ్ళముందు కదిలింది. ఎందుకు తెలియదు అంటుంది. చెప్పాలి. సాయంత్రానికి పద్నాలుగు చోట్లా తెలుస్తుంది. మింగలేక కక్కలేక ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. పులుపు లేదు కదా, పులుపు లేకపోతే బాగున్నట్టే కదా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకి తన పేరు తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. ఇది ఆయన తర్వాత తనంతట తానే ఒప్పుకున్న మాట.

"ఏం లేదు చెల్లెమ్మా. శుభ్రంగా ఉంది," అన్నాడు.

షెడ్డక్క రెండు రోజులుగా బిగపట్టిన ఊపిరి వదిలింది. విన్నావుగా వదినా అని నవ్వుతూ గ్లాసు ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ అలవాటు ప్రకారం దాన్ని వెలుతురుకెత్తింది. మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపే పట్టుకుంది. తర్వాత కిందపెట్టి నోటుబుక్కులో ఏదో రాసుకుంది.

ఒంటిగంట బస్సుకి తర్వాతి చోటికి బయల్దేరారు. బస్సులో కూర్చున్నాక రాసుకున్నది చదివించుకోవడం ముక్కుసారు అలవాటు. ఊరు దాటి చాలా దూరం వచ్చినా ఆవిడ పుస్తకం తెరవలేదు. కిటికీలోంచి చూస్తోంది. రెండు కావస్తుండగా ఆయనే అడిగాడు. ఆవిడ తెరిచి ఒళ్ళో పెట్టింది. పేజీ పైన షెడ్డక్క చోటు, తేదీ, లేత ఎరుపు రంగు అని ఉంది. కింద అంతా ఖాళీ.

"ఏం రాయలేదేం?"

"ఏం రాయాలో తెలీలేదండీ."

"చెప్పాను కదే, శుభ్రంగా ఉందని."

ఆవిడ నోటుబుక్కు మూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, పక్క సీటువాళ్ళకి వినపడకుండా మొదలుపెట్టింది. జ్వరం తగ్గిన రెండో వారంలో పాలు మాడిపోయి ఇల్లంతా కంపు కొడుతుంటే ఆ పాలతోనే కాఫీ ఇచ్చింది, చూద్దామని. ఆయన మాట్లాడకుండా తాగేశాడు. ఆ రోజే తెలిసింది. ఆయన చెబుతాడేమోనని ఎదురుచూసింది. చెప్పలేదు. చెప్పుకోలేని మనిషిని అడిగి ఏం సిగ్గుపెట్టాలని ఊరుకుంది. తొమ్మిది చోట్లా ఆయన చెప్పింది ఆవిడ రాయలేదు. గ్లాసు ఎత్తినప్పుడు తనకి ఏ వాసన తగిలిందో అది రాసింది. బస్సులో చదివేటప్పుడు మాత్రం ఆయన అన్నదే అప్పజెప్పింది. ఇరవై రెండేళ్ళు ఆయన చెబుతుంటే విని రాసిన మనిషి, ఏ వాసనకి ఏ మాటో ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది?

ముక్కుసారుకి చెవులు వేడెక్కాయి. సిగ్గు ముందొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది, రెండూ ఆవిడ మొహం చూడగానే పోయాయి.

"మరి ఇక్కడ ఎందుకు రాయలేదు?" అన్నాడు.

"నాకు తగిలింది రాస్తే ఆ అమ్మాయి దెబ్బతింటుంది. మీరన్నది రాస్తే అబద్ధం. ఒక్క ట్యాంకేగా, ఎలాగో అమ్ముకుంటుందిలే, మనం ఊరుకుంటే పోలా అనుకున్నా."

"ఏం తగిలింది నీకు?"

"వెన్న. కాస్త ముక్కిన వెన్న."

ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. బీరులో వెన్న వాసన వచ్చిందంటే అందులో పాడుచేసే పురుగు చేరిందని అర్థం. కంటికి కనపడదు. మొదట వెన్న వాసన, పది రోజులు పోతే పులుపు, ఆ తర్వాత జిగురు. అది బీరులోనే ఉండదు. అడుగున చేరిన తోడులోనే కాపురం పెడుతుంది. ఆ తోడు ఎన్ని ట్యాంకుల్లో పడితే అన్ని ట్యాంకులూ పోతాయి. ఆవిడకి వాసన తెలిసింది, తోడు సంగతి తెలియదు. ఆయనకి తోడు సంగతి తెలుసు, వాసన తెలియలేదు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, చెరో సగం నోట్లో దాచుకుని వచ్చేశారు.

ఆ సంగతి విడమరిచి చెప్పేసరికి ఆవిడ మొహంలో నెత్తురు లేదు. టైమెంతయిందని ఒక్కటే అడిగింది. రెండూ పది.

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. పనిలో ఉన్నప్పుడు షెడ్డక్క ఫోను ముందుగదిలో కోటు జేబులో ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అయినా పదకొండుసార్లు చేశాడు. కండక్టరుని బతిమాలి, బస్సు ఆపించి, రోడ్డు మీద టైర్లకి పంక్చర్లు వేసే కొట్టు దగ్గర దిగారు. తిరుగు బస్సు ఎప్పుడని అడిగితే, మూడున్నరకి రావాలి, రోజూ రాదు అన్నాడు కొట్టువాడు. చెయ్యెత్తిన ప్రతి బండీ దుమ్ము కొట్టి వెళ్ళిపోయింది. ముక్కుసారు ఎండలో నడిరోడ్డు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, కాళ్ళకి పాలిష్ చేసిన బూట్లు, చంకలో సంచీ. పిచ్చివాడనుకుని కొందరు ఇంకా వేగంగా పోయారు. భార్య ఆయన చొక్కా పట్టుకుని రోడ్డు పక్కకి లాగుతోంది, ఫోను చేస్తోంది, మళ్ళీ లాగుతోంది.

చివరికి పరుపులు తీసుకెళ్ళే వ్యాను ఒకటి ఆగింది. ముందు సీట్లో ఇద్దర్నీ ఇరికించుకుని డ్రైవరు మాటలు మొదలుపెట్టాడు. ఎక్కడికో చెప్పగానే అతని మొహం వెలిగిపోయింది. ఆ షెడ్డా, నాకు తెలుసు, రెండేళ్ళ కింద మా బావమరిదితో వెళ్ళాను, ఒక పుస్తకముంది చూడండి, ముక్కుసారని ఎవరో రాశాడు, అది చూసే వెళ్ళాం అన్నాడు. ఆ పుస్తకంలో ఉందంటే కళ్ళు మూసుకుని తాగెయ్యొచ్చండీ అన్నాడు. ముక్కుసారు కొంచెం వేగంగా పోనివ్వమని మాత్రం అనగలిగాడు. లోపల ఒకటే లెక్క. నాలుగింటికి అంది. నాలుగింటికే వేస్తుంది. ఆమె దేన్నీ టైము తప్పనివ్వదు. మొక్కుకోవడం ఎరగని మనిషి, రోడ్డు పక్క మైలురాళ్ళకి మొక్కుకుంటూ కూర్చున్నాడు.

నాలుగుకి పది నిమిషాలుండగా షెడ్డు నీలం తలుపు ముందు దిగారు. ఆయన పరిగెత్తాడు. తడి నేల మీద జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

షెడ్డక్క ముందుగదిలో బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. బూట్లు విప్పేసి ఉన్నాయి. మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉంది. ఫోను ఇంకా తీసి చూసుకోలేదు, వీళ్ళు ఏదైనా మర్చిపోయి వచ్చారేమో అనుకుంది.

"తోడు?" అన్నాడు.

"వేసేశా అన్నయ్యా, మూడింటికే. నీళ్ళు ముందే చల్లారాయి. నువ్వు సరే అన్నాక ఇంకెందుకు ఆగడం?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ముక్కుసారు ఎదురు బెంచీ మీద కూలబడ్డాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. రెండు నెలలు దాచినది రెండు నిమిషాల్లో అయిపోయింది. జ్వరం, కిరోసిన్ సీసా, పొద్దున గ్లాసులో చల్లటి గాలి, వెన్న. భార్య నిలబడే, నాకు తెలిసింది, నేనూ చెప్పలేదు అంది. ఆ ముక్క ఆయన మీదే వదిలేయడం ఆవిడకి ఇష్టంలేదు.

షెడ్డక్క ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది. తిడుతుందని ఆయన ఎదురుచూశాడు. తిట్టి ఉంటే కొంచెం బతికేవాడు.

"తెలీదని ఒక్క మాట," అంది. "బాగుందనక్కర్లేదు, బాలేదనక్కర్లేదు. నాకు తెలీడంలేదమ్మా అని ఉంటే చాలు కదన్నయ్యా. నా అనుమానమే నేను నమ్ముకునేదాన్ని."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ బూట్లు తొడుక్కుంది. ఏం చెయ్యాలో ఎవరూ ఆమెకి చెప్పనక్కర్లేదు. పురుగు పట్టిన తోడుని ఇంకో గంట ఉంచితే గొట్టాలకీ కుళాయిలకీ పాకుతుంది. ఐదు ట్యాంకులూ ఖాళీ చెయ్యాలి. విప్పాలి, మరగబెట్టాలి, రుద్దాలి. కొత్త తోడు చిన్న చెంబుడు నుంచి పెంచుకుంటూ రావాలి. అంతా అయ్యేసరికి నెలన్నర. ఆ తర్వాత కాచినా ఇంకో మూడు వారాలు. ఈ లెక్క ముగ్గురికీ తెలుసు, అందుకే ఎవరూ పైకి అనలేదు. అప్పటికి సీజనులో మిగిలేది కొసరు. అప్పటికి ఈ షెడ్డులో సిమెంటు బస్తాలుంటాయి.

మొదటి కుళాయి తిప్పింది. లేత ఎరుపు బీరు నురగలు కక్కుతూ నేలలోని కాలవలో పడి, మలుపు తిరిగి, వీధిలో మురుగులోకి పోయింది. రెండోది తిప్పింది. మూడోది, నాలుగోది, ఐదోది తిప్పింది. గొట్టంతో నీళ్ళు కొడుతూ నిలబడింది. ముక్కుసారు కాలవ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, ఆ పారేదాని మీద మొహం పెట్టి పీల్చాడు. ఐదు ట్యాంకుల సరుకు ముక్కు కింద నుంచి పారుతోంది. ఏమీ లేదు. తడి నేల వాసన కూడా లేదు. అప్పుడు ఆయనకి ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా గట్టిగానే ఏడ్చాడు.

భార్య ఆయన్ని లేపి బెంచీ మీద కూర్చోబెట్టింది. నోటుబుక్కు తీసి ఆ ఖాళీ పేజీ తెరిచి, కలంతో సహా ఆయన చేతిలో పెట్టింది.

"ఇకనుంచి మీరు రాయండి. నేను చెబుతా," అంది.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ బీరు కాచేవాళ్ళ ఎదుట వాసన పేరు చెప్పడానికి నోరు తెరిచింది. కాలవ దగ్గర వంగి, మొదటిది వెన్న అంది. ఆయన రాశాడు. రెండో ధార దగ్గరికి జరిగింది. జరిగి ఆగిపోయింది.

"చెప్పు," అన్నాడు.

"గింజ దోరగా వేయించిన వాసన. తేనె. అప్పుడే కోసిన గడ్డి." మూడోదాని దగ్గరా, నాలుగోదాని దగ్గరా, ఐదోదాని దగ్గరా వంగి చూసింది. వాటిలో తోడు పడి గంటే అయింది, పురుగు ఇంకా పని మొదలుపెట్టలేదు. "నాలుగూ బాగున్నాయండీ. ఈ పది చోట్లలో ఇంత బాగున్నది నాకు ఎక్కడా తగల్లేదు."

షెడ్డక్క చేతిలో గొట్టం కిందికి వాలింది. ఆ తడి నేల మీదే, నీళ్ళు బూట్ల మీదుగా పారుతుంటే, గోడకి జారబడి కూర్చుంది. రెండు రోజులు నిద్రలేకుండా కాచింది ఎలా వచ్చిందో ఆమెకి ఆ పూటే తెలిసింది. తన ముక్కుకి అందని సంగతి అది. ఎవరో ఒకరు చెప్పాలి.

ముక్కుసారు రాయడం ఆపాక, చదువన్నయ్యా అంది.

ఆయన చదివాడు. వంతెన స్టాపు దగ్గర దిగి, కుడి వైపు రెండో వీధి. నీలం తలుపు. ఎనిమిది బెంచీలు. ఈ ఏడాది ఇక్కడికి వెళ్ళకండి. మొదటి ట్యాంకు ఒకటే చెడింది, దానితోపాటు నాలుగు మంచి ట్యాంకులు పారబోయవలసి వచ్చింది. కాచినామె అడిగింది. ఈ పుస్తకం రాసినవాడికి అప్పటికి రెండు నెలలుగా వాసన తెలియదు. అయినా బాగుందన్నాడు.

షెడ్డక్క కళ్ళు మూసుకుని వింది. మంచి అన్న మాట కొట్టెయ్యి అన్నయ్యా, అది చదివితే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది అంది.

ఆయన కలం ఆ మాట మీద పెట్టాడు. పెట్టి, తీసేశాడు.

"అది నేను రాసింది కాదమ్మా, మీ వదిన చెప్పింది," అన్నాడు. "అదొక్కటి ఉండనీ."

ఆమె గొట్టం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఐదో ట్యాంకు ఖాళీ అవడానికి ఇంకో పావుగంట పట్టింది.